ఇరుసు పైన మార్పు, ఇరుసు లోపల మార్పు: మన పికప్ బండ్ల కథ



ఈసారి ధాన్యం రేటు, చేపల రేటు పక్కనబెట్టి మన ఇంటి ముందు ఉండే బండి గురించి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే. తీరిగ్గా చదవండి.

ఏలూరు నించి తాడేపల్లిగూడెం దాకా, ఇటు కైకలూరు, ఆకివీడు దాకా ఏ ఊళ్ళోకి వెళ్ళినా ఒక బొలెరో పికప్పో, టాటా ఏసో, దోస్తో కనపడుతుంది. పొద్దున చెరువుకి మేత బస్తాలు, మధ్యాహ్నం ఎరువులు, సాయంత్రం గూడెం మార్కెట్టు నించి ఉల్లిపాయలు. అన్నీ దాని మీదే. అయితే షోరూము నించి వచ్చింది వచ్చినట్టు ఉన్న బండి ఒక్కటి చూపించండి చూద్దాం! సార్వా ఊడ్పులు అయ్యాక కాస్త తీరిక దొరికితే చాలు, ఒకాయన తొట్టిలో రేకు పరుస్తాడు, ఒకాయన బరకానికి గొట్టాలు బిగిస్తాడు, ఇంకొకాయన కమాను కట్టలో రెండు పట్టీలు ఎక్కిస్తాడు.

బండిని సొంతంగా మార్చుకోవడం మనకి కొత్త కాదు. కంపెనీలు పుట్టకముందు నించీ ఉన్న పనే. కానీ ఆ మార్పుల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి మనల్ని బతికించింది, రెండోది మనుషుల్ని చంపుతోంది. ఆ తేడా మన పాతకాలం వాళ్ళకి బాగా తెలుసు.

ముందు ఎడ్లబండి సంగతి చూడండి. నల్లతుమ్మ చెక్కతో కుండ, ఆకులు, చుట్టూ ఇనప పట్టా, మధ్యలో ఇరుసు. ఈ భాగం వడ్రంగి, కమ్మరి చేతిది. రైతు దాని జోలికి పోడు, కందెన పెట్టడం తప్ప. ఇక ఇరుసు పైన ఉన్నదంతా రైతు ఇష్టం. పెంట తోలేటప్పుడు వెదురు తడికలు కట్టేవాడు. గడ్డి తోలేటప్పుడు తడికలు తీసేసి నాలుగు పక్కలా పొడుగు గెడలు నిలబెట్టేవాడు. పెళ్ళికో తీర్థానికో వెళ్ళాలంటే గూడు ఎక్కించి, లోపల గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసేవాడు. బండి ఒకటే, ఇరుసు ఒకటే. పైన వేషం మాత్రం పని బట్టి మారేది. పని అయ్యాక అన్నీ విప్పి చావిట్లో పెట్టేసేవారు.

కొల్లేటి లంకల్లో అయితే బండి కన్నా దోనె ముఖ్యం. తాటి మాను తొలిచి చేసిన దోనె. నీళ్ళు తక్కువ ఉన్న చోట ఒక్క మనిషికి ఒక్క దోనె చాలు. బరువు ఎక్కువైతే రెండు దోనెలు పక్కపక్కన కట్టి మోయించేవారు తప్ప, ఒక్క దోనె మీదే రెండింతలు ఎక్కించి నీళ్ళల్లోకి తోయలేదు. ఎందుకంటే ఎక్కువైతే దోనె అక్కడికక్కడే మునిగి చూపిస్తుంది. రోడ్డు మీద బండి అలా వెంటనే చెప్పదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

డెల్టాలో పెద్ద సరుకు చాలాకాలం పడవల మీదే నడిచింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు వచ్చాయి. ఏలూరు కాలవ ఒక పక్క గోదావరికీ ఇంకో పక్క కృష్ణకీ కలిసింది. 1890ల్లో రైలు వచ్చింది. కానీ పొలం నించి కాలవ గట్టు దాకా, పుంత దాటి స్టేషను దాకా మోసింది మాత్రం ఎడ్లబండే. ఇవాళ పికప్పు చేసేది కూడా ఆ చివరి నాలుగు మైళ్ళ పనే.

తర్వాత రబ్బరు టైరు బండి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అప్పుడు ఇరుసు మారింది, నిజమే. కానీ ఒక్క ఇరుసే కాదు, చక్రం, బేరింగు, టైరు, పైన చట్రం అన్నీ కలిసి మారాయి. బలం ఒక చోట పెంచి మిగతాది పాతదే ఉంచలేదు.

ఇక అమెరికా రైతుల కథ వింటే మనవాళ్ళే అనిపిస్తుంది. ఫోర్డు కంపెనీ 1908లో మోడల్ టీ కారు తెచ్చింది. అది మనుషులు ఎక్కే కారు. అక్కడి రైతులు వెనక సీటు పీకేసి, చెక్క పెట్టె బిగించి, పాల క్యాన్లు, మొక్కజొన్న, పందిపిల్లలు తోలుకున్నారు. వెనక చక్రం జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి రంపాలూ పంపులూ తిప్పుకున్నారు. ఇదంతా ఇంటి పెరట్లో, తీరిక దొరికినప్పుడు చేసుకున్న పనే. అది చూసి కంపెనీ 1917లో మోడల్ టీటీ పేరుతో ఒక టన్ను ట్రక్కు ఛాసిస్ అమ్మింది. పైన బాడీ మీరే కట్టించుకోండి అంది. చివరికి 1925లో ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించిన బండి 281 డాలర్లకి తెచ్చింది. అంటే పికప్పు అనే బండి ఆలోచన ముందు రైతు పెరట్లో పుట్టింది, కంపెనీ తర్వాత అందుకుంది. టన్ను మోసే బండికి కంపెనీ ఛాసిస్ కూడా వేరేగా చేసింది. కారు ఛాసిస్ మీదే టన్ను వేసుకోమని చెప్పలేదు.

మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపులు మొదలుపెట్టారు. ఆ జీపుల వెనక భాగం కోసి సరుకుకి వాడుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. తర్వాత మెటాడోర్ వచ్చింది. 1980ల్లో జపాను కంపెనీలు నాలుగు మన కంపెనీలతో కలిసి చిన్న లారీలు తెచ్చాయి: డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. మనం ఇప్పటికీ ఏ కంపెనీ మినీ లారీనైనా "డీసీఎం" అంటాం కదా, ఆ పేరు అప్పటిదే. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. బట్టల మిల్లు పేరు బండి పేరైపోయింది! ఆల్విన్ నిస్సాన్ అయితే మన తెలుగు గడ్డ మీద జహీరాబాద్‌లో తయారైంది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వెళ్ళింది.

2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, ముప్పావు టన్ను లోడు. దాన్ని తయారుచేసే ముందు కంపెనీ వాళ్ళు మూడు చక్రాల సరుకు ఆటోలు నడిపే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీకేం కావాలి అని అడిగారు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. బొలెరో పికప్పుల్లో 1.3 టన్నులు, 1.7 టన్నులు అంటూ రకాలు వచ్చాయి. సన్నకారు రైతు కూడా సొంతంగా నాలుగు చక్రాల బండి కొనగలిగాడు.

మన కొల్లేరు చుట్టుపక్కల ఈ బండ్లకి చేపలు తోడయ్యాయి. 1976 ప్రాంతంలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి కొల్లేట్లో చెరువులు తవ్వించింది. తర్వాత వరి చేలూ చెరువులయ్యాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. ఆ గొడవలు మీకు తెలిసినవే. ఏది ఏమైనా శీలావతి, బొచ్చె కలకత్తా దాకా, అస్సాం దాకా వెళ్తూనే ఉన్నాయి. పెద్ద లారీ చెరువు గట్టు మీదకి రాలేదు. గట్టు నించి రోడ్డు దాకా పికప్పే దిక్కు.

దాంతో మన బండ్లకి మన మార్పులు వచ్చాయి. తొట్టిలో బరకం పరిచి నీళ్ళు పోసి చేపపిల్లలు తోలడం, బతుకు చేపలకి ట్యాంకు, దానికి ఆక్సిజన్ సిలిండరు, ఐసు కరిగిన నీళ్ళు బయటికి పోవడానికి గొట్టం. ఏ కంపెనీ ఇంజనీరుకీ ముందు తట్టనివి ఇవి. ఇంతవరకూ మనకి గర్వమే.

ఇప్పుడు రెండో రకం మార్పు దగ్గరికి వద్దాం. లెక్క వేసి చూడండి. ధాన్యం బస్తా 75 కేజీలు. 1.7 టన్నుల బండికి 22 బస్తాలు వేస్తే 1,650 కేజీలు. అక్కడికి సరి. మనం 40 వేస్తే 3 టన్నులు. బతుకు చేపల ట్యాంకు సంగతి ఇంకా తొందరగా తేలుతుంది. వెయ్యి లీటర్ల నీళ్ళంటేనే టన్ను. 1,500 లీటర్లు పోస్తే ట్యాంకు ఇనుము, సిలిండరు కలిపేసరికి చేప వెయ్యకముందే బండి నిండిపోయింది. పైగా నీళ్ళు బస్తాల్లాగా కదలకుండా కూర్చోవు. బ్రేకు కొడితే ముందుకి, మలుపు తిప్పితే పక్కకి దూకుతాయి. మన రోడ్లకి పక్కన ఉన్నది కాలవ లేదా చెరువు. ట్యాంకు లోపల అడ్డుగోడలు లేకపోతే ఆ దూకుడుకి బండి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

"కమాను పట్టీలు ఎక్కించాను, ఏం కాదు" అంటారు. కమాను వంగడం అంటే బండి మనతో మాట్లాడటం. ఇక చాలు అని చెప్పడం. పట్టీలు ఎక్కించామంటే బండి నోరు నొక్కేసినట్టే. బయటికి నిటారుగా కనపడుతుంది. కానీ బ్రేకు పెరిగిందా? ఇరుసు గొట్టం, బేరింగు, టైరు, ఛాసిస్ మందం పెరిగాయా? ఏదీ పెరగలేదు. రబ్బరు టైరు బండిలో అన్నీ కలిసి మారాయని పైన చెప్పుకున్నాం. ఇక్కడ ఒక్కటే మారింది. పాతవాళ్ళు ముట్టుకోని ఇరుసు లోపలి పని అంటే ఇదే.

చట్టం కూడా సరిగ్గా ఈ గీతే గీసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలో అలాంటి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. ఓవర్‌లోడుకి 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. ముందు బిగించే ఇనప బంపర్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది.

జరిమానా కన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. తొట్టిలో బల్లలు బిగించి ఊడ్పులకీ కోతలకీ కూలీలని ఎక్కించుకుని వెళ్ళడం. 1994 సవరణ తర్వాత సరుకు బండిలో సరుకు యజమానికి, లేదా అతని తరఫు మనిషికి బీమా వర్తిస్తుంది. మిగతావాళ్ళకి కాదు. 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది. అంటే తొట్టిలో ఊరికే ఎక్కిన పదిమందిలో ఎవరికైనా ఏదైనా అయితే, ఆ పరిహారం బండి యజమాని నెత్తిన పడొచ్చు. ఎకరం పొలం అమ్మినా తీరదు. యజమాని దగ్గర లేకపోతే చనిపోయినామె పిల్లలకి దక్కేది శూన్యం. మన చేలో నాటు వేయడానికి వచ్చిన మనిషి ఆమె. ఆటోకి ఇచ్చే నాలుగు వందలు మిగుల్చుకోవడానికి ఇది చేయాల్సిన పనేనా? ఆలోచించండి.

ఒక మంచి వార్త కూడా చెప్పాలి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, లైట్ మోటారు లైసెన్సు ఉన్నవాళ్ళు 7,500 కేజీల లోపు రవాణా బండిని నడపొచ్చని తేల్చింది. మన పికప్పులన్నీ ఆ లోపే. అంటే ఆ లైసెన్సు ఉంటే, రవాణా ముద్ర లేదనే సాకుతో బీమా వాళ్ళు తప్పించుకోవడం ఇక కష్టం.

మరి తీరిక వేళ ఏం చేసుకోవచ్చు? ఇరుసు పైన చాలా పని ఉంది. మన దగ్గర బండికి మొదటి శత్రువు తుప్పు. చేపల నీళ్ళు, ఉప్పు కలిసిన ఐసు నీళ్ళు తొట్టి అతుకుల్లోకి దిగుతాయి. లోడు దించాక మంచినీళ్ళతో అడుగు భాగం కూడా కడగండి. నీళ్ళు పోయే రంధ్రాలు పూడిపోకుండా చూడండి. ఏడాదికోసారి గీకి రెడ్ ఆక్సైడు కొట్టి, ఆరాక రంగు వేయండి. రబ్బరు చాప పరిస్తే నెలకోసారి ఎత్తి కింద తడి ఆరబెట్టండి, లేకపోతే చాప కిందే తుప్పు పెరుగుతుంది.

బరకం గొట్టాలు వెల్డింగు చేయకుండా క్లాంపులతో బిగించండి, పాత గడ్డిబండి గెడల్లాగా తీసి పెట్టేసుకోవచ్చు. బండి ఎత్తు, వెడల్పు పెరగనివ్వకండి. ఎక్కడైనా వెల్డింగు తప్పదంటే ముందు బ్యాటరీ వైర్లు విప్పేయండి. ఈ కాలం బండ్లలో ఇంజనుని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది, ఆ కరెంటుకి కాలిపోతే ఖర్చు తట్టుకోలేం. ఛాసిస్ మీద మాత్రం రంధ్రం వేయొద్దు, వెల్డింగు ముట్టించొద్దు. లైటు అదనంగా పెడితే ఫ్యూజు, రిలే పెట్టి పెట్టండి. వెనక మెరిసే స్టిక్కర్లు వేయించండి. గడ్డి వేలాడి వెనక లైటు కప్పేస్తే, చీకట్లో వచ్చే మోటారు సైకిలు కుర్రాడికి మన బండి కనపడదు. కొల్లేరు పొంగి పెదఎడ్లగాడి దగ్గర నీళ్ళు రోడ్డెక్కిన రోజున ఇంజను ఆగిపోతే, మళ్ళీ స్టార్టు కొట్టకుండా బయటికి తోయించండి.

ట్యాంకు లాంటి పెద్ద మార్పు కావాలంటే బిగించకముందే ఆర్‌టీవో ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. బీమా వాళ్ళకీ తెలియజేయండి. ఒక రోజు తిరుగుడు, అంతే.

ఈ ఊడ్పులు అయ్యాక బండి కిందకి దూరినప్పుడు ఒకటే అడగండి: నేను ముట్టుకునేది ఇరుసు పైనా, లోపలా? పైన అయితే మీ తెలివంతా చూపించండి. లోపల అయితే స్పానరు కింద పెట్టేయండి. మీ బండికి మీరు చేసుకున్న మంచి మార్పు ఏదైనా ఉంటే పదిమందికీ చెప్పండి. అందరికీ పనికొస్తుంది.

ఉంటానండి.