ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి చికిత్స: నర్సు నిర్ణయాధికారం, రోగి భద్రత – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిపై ఇంతవరకు జరిగిన చర్చ ప్రధానంగా వ్యాధి కారణం, తాగునీరు, ప్రభుత్వ సహాయం అనే మూడు అంశాల చుట్టూ సాగింది. చికిత్స విశాఖపట్నం నుండి పలాస, టెక్కలి, సోంపేటలకు తరలివచ్చిన క్రమంలో రోగి ప్రాణానికి సంబంధించిన అనేక తక్షణ నిర్ణయాలు వైద్యుని చేతి నుండి నర్సు చేతికి మారాయి. ఈ మార్పుకు తగినంతగా చట్టంగాని, శిక్షణగాని, ఆసుపత్రి నిర్వహణగాని మారలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: ఉద్దానం, డయాలసిస్, నర్సింగ్ విద్య, నిర్ణయ ప్రక్రియ, రోగి భద్రత, పలాస, టెక్కలి.

1. ఉపోద్ఘాతం

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని ప్రతీతి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన ఈ తీరభూమి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు పేరుపొందింది. ఈ తోటలలో పనిచేసేవారిలో, తీర గ్రామాల మత్స్యకారులలో మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలు కనిపించకుండానే మూత్రపిండాలు క్షీణించడాన్ని విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి నెఫ్రాలజీ నిపుణులు, ముఖ్యంగా డాక్టర్ టి. రవిరాజు, వైద్యలోకం దృష్టికి తెచ్చారు. తరువాతి సర్వేలు ఇక్కడి వయోజనులలో దాదాపు అయిదో వంతు మందికి ఈ వ్యాధి ఉన్నట్లు సూచించాయి. భూగర్భజలం, ఎండలో శ్రమ, పురుగుమందులు, జన్యు లక్షణాలు మొదలైన వాటిని అనుమానించినా ఏ ఒక్కటీ ఏకైక కారణంగా నిరూపితం కాలేదు.

కారణం తేలని వ్యాధిలో నివారణ కష్టమవుతుంది. అటువంటప్పుడు ఉన్న చికిత్సను హాని లేకుండా అందించడమే రోగికి మిగిలే ప్రధాన రక్షణ. ఆ రక్షణలో నర్సు పాత్రను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చికిత్స దగ్గరైన క్రమం

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని తొలి విడతగా ప్రారంభించిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. పథకం వల్ల పేదవారికి ఖర్చు భారం కొంత తగ్గినా దూరం తగ్గలేదు. డయాలసిస్ కోసం ఉద్దానం రోగి వారానికి రెండు మూడు సార్లు శ్రీకాకుళం, విశాఖపట్నం లేదా ఒడిశా పట్టణాలకు ప్రయాణించవలసి వచ్చేది. 2016 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రకటించారు. 2017 ఆరంభంలో ఉద్దానం సమస్య రాష్ట్రవ్యాప్త రాజకీయ చర్చకు వచ్చింది. ఆ దశాబ్దపు రెండో అర్ధభాగంలో టెక్కలి, పలాస, సోంపేట ప్రభుత్వ ఆసుపత్రులలో డయాలసిస్ అందుబాటులోకి వచ్చింది. డయాలసిస్ రోగుల పింఛన్‌ను 2019లో నెలకు రూ.10,000కు పెంచారు. అదే ఏడాది సెప్టెంబరు 6న పలాసలో శంకుస్థాపన జరిగిన 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని తెచ్చే తాగునీటి పథకంతో పాటు 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

బోధనాసుపత్రిలో నెఫ్రాలజిస్టు పక్క వార్డులోనే ఉంటాడు. రోగి పరిస్థితి తారుమారైతే నర్సు పిలిచిన కొద్దిసేపటికి రాగలడు. చిన్న పట్టణపు డయాలసిస్ కేంద్రంలో ఆ అవకాశం తక్కువ. నిపుణుడు ఫోనులో దొరికేలోపు యంత్రం పక్కన ఉండేది నర్సు, టెక్నీషియన్ మాత్రమే. చికిత్స రోగికి దగ్గరైన కొద్దీ వైద్యుడు నర్సుకు దూరమయ్యాడు. భద్రతా చరిత్రలో గుర్తించవలసిన వైపరీత్యం ఇదే.

3. చట్టం, నర్సు స్థానం

మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. ఆనాడు ఉద్దానం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాలో భాగం. జాతీయ స్థాయిలో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో, దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మంత్రసాని కమిషన్ చట్టం 2023లో వచ్చాయి. తొలి చట్టాల ప్రధాన దృష్టి నమోదు, పాఠ్యక్రమం, అర్హతల మీదనే. రోగి పడక పక్కన నర్సు తనంతట తాను ఎంతవరకు నిర్ణయించవచ్చో వాటిలో స్పష్టత తక్కువ. ఆ ఖాళీని ఆసుపత్రి సంప్రదాయం పూరించింది. వైద్యుని ఆదేశాన్ని అమలుపరచడమే నర్సు ధర్మమన్నది ఆ సంప్రదాయం.

నర్సింగ్ ఆలోచన మాత్రం మొదటి నుండి ఇంతకంటె విశాలమైనది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన గ్రంథంలో, తాను లేని సమయంలో కూడా తాను చేసే పని సక్రమంగా జరిగే ఏర్పాటు చేయడం నర్సు బాధ్యతలో భాగమని వాదించింది. 1984లో పాట్రీషియా బెన్నర్, కొత్త నర్సు నియమాలను బట్టి నడుచుకుంటే, అనుభవజ్ఞురాలు పరిస్థితి మొత్తాన్ని ఒకేసారి గ్రహించి నిర్ణయిస్తుందని వివరించింది. 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక వైద్యంలో జరిగే పొరపాట్లకు వ్యక్తుల కంటె పని ఏర్పాటులోని లోపాలే ఎక్కువ కారణమని తేల్చింది. ఆ తరువాతే రోగి భద్రత ప్రత్యేక విషయంగా రూపొందింది. భారత ప్రభుత్వం 2018లో జాతీయ రోగి భద్రతా అమలు ప్రణాళికను ప్రకటించింది. 2019 నుండి సెప్టెంబరు 17ను ప్రపంచ రోగి భద్రతా దినంగా పాటిస్తున్నారు.

4. డయాలసిస్ పడక పక్కన

ఈ సిద్ధాంతాల విలువ ఒక్క డయాలసిస్ విడతను పరిశీలిస్తే తెలుస్తుంది. పొడి బరువు 50 కిలోలు గల రోగి రెండు విడతల మధ్య మూడున్నర కిలోలు పెరిగి వచ్చాడనుకుందాం. ఉద్దానపు వేసవిలో దాహం, ఎండుచేపల ఉప్పు కలిస్తే ఇది అరుదు కాదు. ఆ నీటినంతా నాలుగు గంటలలో తీయాలంటే కిలో బరువుకు గంటకు 17.5 మిల్లీలీటర్ల చొప్పున తీయాలి. ఈ వేగం 13 మిల్లీలీటర్లు దాటితే గుండెకు, ప్రాణానికి ముప్పు పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ హద్దులో ఉండాలంటే సుమారు అయిదున్నర గంటలు పడుతుంది. రోగికేమో ఊరి బస్సు అందాలి, మరునాడు కూలికి వెళ్లాలి. కేంద్రానికేమో తరువాతి విడత రోగి వేచి ఉన్నాడు. విడత పొడిగించాలా, కొంత నీటిని మిగిల్చి మరో రోజు రమ్మనాలా అని వైద్యుని అడగవలసినది నర్సే. ఆ లెక్క చేయకపోతే అడగవలసిన అవసరమే ఆమెకు తోచదు.

మధ్యలో రక్తపోటు పడిపోతే వ్యవధి మరీ తక్కువ. నీరు తీయడం ఆపడం, కాళ్లు ఎత్తుగా ఉంచి పడుకోబెట్టడం, సెలైన్ ఇవ్వడం, వైద్యునికి తెలపడం నిమిషాలలో జరగాలి. సూది జారితే యంత్రం మోగకముందే దుప్పటి కింద రక్తం పోవచ్చు. అందువల్ల ఫిస్టులా ఉన్న చేతిని దుప్పటితో కప్పనివ్వకపోవడం చిన్న నియమమే అయినా ప్రాణరక్షక నియమం. హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే యంత్రం కేటాయించడం, రద్దీ ఎంత ఉన్నా ఒక రోగి నుండి మరొకరి దగ్గరకు వెళ్లే ముందు చేతి తొడుగులు మార్చడం కూడా అటువంటివే.

ఈ ప్రాంతానికే చెందిన మరో ప్రశ్న ఉంది. కొబ్బరినీళ్లు ఉద్దానంలో ఆతిథ్యం, ఔషధం రెండూ. వాటిలో పొటాషియం అధికం. మూత్రపిండాలు పనిచేయని వ్యక్తిలో అది పేరుకొని గుండె లయను దెబ్బతీయగలదు. పాఠ్యగ్రంథం పొటాషియం తగ్గించమని మాత్రమే చెబుతుంది. తోటలో పనిచేసి వచ్చిన మనిషిని బొండాం తాగారా అని అడగవలసినది స్థానిక నర్సు. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా మాట్లాడే రోగులతో ఆ ప్రశ్న వారికి అర్థమయ్యే భాషలో వేయడమూ భద్రతలో భాగమే.

5. డయాలసిస్‌కు ముందు జరిగే హాని

నర్సు నిర్ణయం డయాలసిస్ గదితో మొదలు కాదు. నీరసంగా ఉంది, సెలైన్ ఎక్కించండి అన్న కోరిక పల్లె ఆరోగ్య కేంద్రంలో నిత్యం వినబడేదే. మూత్రం తగ్గిన రోగికి అనాలోచితంగా ఎక్కించిన సీసా ఊపిరితిత్తులలో నీరు చేరడానికి దారితీయవచ్చు. ఒళ్లునొప్పులకు వాడే డైక్లోఫినాక్ వంటి మందులు దెబ్బతిన్న మూత్రపిండాన్ని మరింత దెబ్బతీస్తాయి. సీరం క్రియాటినిన్ ఎంత అని అడిగి, వైద్యుని ఆదేశాన్ని మరొకసారి చూడమని కోరే నర్సు ధిక్కారం చేయడం లేదు, విధి నిర్వర్తిస్తున్నది.

ముంజేతి సిర సంగతి ఇంకా సూక్ష్మమైనది. వ్యాధి ముదిరిన రోగికి ఏనాటికైనా ఫిస్టులా అవసరం కావచ్చు. ముందు సంవత్సరాలలో ఆ చేతి సిరలను క్యాన్యులాలతో పాడుచేస్తే శస్త్రవైద్యునికి మంచి సిర దొరకదు. అందుకే రోగి ఎక్కువగా వాడని ముంజేతిని వదలి, వీలైనప్పుడు అరచేతి వెనుక సిరను ఎంచుకోవడం మేలు. సాధారణ వార్డు నర్సు ఒక క్షణంలో తీసుకున్న నిర్ణయం ఫలితం ఏళ్ల తరువాత మరొక ఆసుపత్రిలో బయటపడుతుంది.

6. తుపాను నేర్పిన పాఠం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు కూలాయి. అనేక గ్రామాలకు రోజుల తరబడి విద్యుత్తు, రాకపోకలు లేవు. డయాలసిస్ యంత్రం నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రవం చొప్పున నాలుగు గంటలలో 120 లీటర్లు వాడుతుంది. శుద్ధమైన నీరు, నిరంతర విద్యుత్తు లేనిదే అది పనిచేయదు. అందువల్ల తుపాను తీరంలో రోగి భద్రత అంటే హెచ్చరిక వెలువడగానే ఎవరికి ముందుగా విడత ఇవ్వాలి, ఎవరిని తరలించాలి, మిగిలినవారికి నీరు, ఆహారం విషయంలో ఏమి చెప్పాలి అన్న జాబితా సిద్ధంగా ఉండడం. రోగుల బరువులు, ఫిస్టులా స్థితి, గత విడత తేదీలు నర్సు నమోదు పుస్తకంలో సక్రమంగా ఉంటేనే ఆ జాబితా తయారవుతుంది.

7. నర్సింగ్ విద్యకు సూచనలు

విద్యార్థులకు నిర్ణయ ప్రక్రియను పరిశీలన, నిర్ధారణ, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం అనే అయిదు మెట్లుగా బోధిస్తున్నారు. పరీక్షలో ఈ క్రమాన్ని వల్లించడం వేరు, రద్దీ కేంద్రంలో ఆచరించడం వేరు. శ్రీకాకుళం జిల్లా విద్యార్థులకు ఉద్దానం సిద్ధంగా ఉన్న పాఠశాల. పైన చూపిన నీటి లెక్క, సెలైన్ కోరిక, సిర ఎంపిక, తుపాను జాబితా వంటి స్థానిక సందర్భాలు తరగతి గదికి రావాలి.

దీనితో పాటు రెండు ఏర్పాట్లు అవసరం. ఒకటి, ఏయే పరిస్థితులలో నర్సు వైద్యుని కోసం వేచి ఉండకుండా చర్య తీసుకోవచ్చో ముందే రాసి ఉంచిన ఆదేశాలు. రెండు, జరిగిన పొరపాటును గాని, తప్పిపోయిన ప్రమాదాన్ని గాని శిక్ష భయం లేకుండా నమోదు చేసే పద్ధతి. మొదటిది లేకపోతే నర్సు అధికారం లేని బాధ్యతను మోస్తుంది. రెండోది లేకపోతే ఒక కేంద్రంలో జరిగిన తప్పు మరో కేంద్రానికి పాఠం కాదు.

8. ముగింపు

ఉద్దానం చరిత్రను ఇంతవరకు వ్యాధి చరిత్రగా, ఉద్యమ చరిత్రగా, పథకాల చరిత్రగా రాశారు. భవనాలు, యంత్రాలు, నీటి గొట్టాలు ఆ ప్రాంతానికి చేరిన తేదీలు నమోదయ్యాయి. వాటిని రోగికి సురక్షితంగా అందించే నర్సుకు నిర్ణయాధికారం ఎప్పుడు, ఎంత చేరిందన్నది నమోదు కాలేదు. డయాలసిస్ గది పుస్తకాలు, కేసు షీట్లు, నర్సుల మౌఖిక కథనాలు ఈ చరిత్రకు ప్రాథమిక ఆధారాలు కాగలవు. ఆ పుస్తకాలు చెదలుపట్టక ముందే, ఆ నర్సులు ఉద్యోగ విరమణ చేయక ముందే వాటిని సేకరించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.