స్టీవర్ట్: కొలువు నుంచి వచ్చిన ఇంటిపేరు

స్కాట్లండ్‌లో బాగా వినబడే స్టీవర్ట్ అన్న ఇంటిపేరు ఒక ఉద్యోగం నుంచి పుట్టింది. పాత ఇంగ్లీషులో ‘స్టిగ్’ అంటే లోగిలి, ‘వేర్డ్’ అంటే కాపరి. ఆ రెండూ కలిసిన మాట అరిగి అరిగి స్టీవర్డ్ అయింది. ప్రభువుల ఇంట్లో భోజనశాల, వంటశాల, ధాన్యపు కొట్లు, నౌకర్లు, పద్దులు అన్నీ చూసుకునే పెద్ద పెత్తందారు ఇతడు. లాటిన్ పత్రాల్లో ఇతని పేరు ‘డాపిఫెర్’, అంటే వడ్డన చేసేవాడు. రాజుల కొలువులో మాత్రం ఆ పదవి వడ్డన దాటి ఎంతో పెరిగింది. రాజు ఇంటి రాబడి, ఖర్చు, కొలువులో సలహా, అవసరమైతే యుద్ధంలో సైన్యం నడపడం కూడా స్టీవర్డ్ బాధ్యతే.

ఈ పదవిని ఇంటిపేరుగా మార్చుకున్న కుటుంబం స్కాట్లండ్‌ది కాదు. ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీలో, డోల్ ఆర్చిబిషప్పు దగ్గర వంశపారంపర్యంగా ఇదే కొలువు చేసిన వాళ్లు. వారిలో ఆలన్ అనే ఆయన మొదటి హెన్రీ కాలంలో ఇంగ్లండ్ వచ్చి ష్రాప్‌షైర్‌లో భూములు సంపాదించాడు. ఆయన కొడుకుల్లో జోర్డన్‌కు బ్రిటనీ ఆస్తి, విలియమ్‌కు ఇంగ్లండ్ ఆస్తి దక్కాయి. మిగిలినవాడు వాల్టర్. అతడు 1136 ప్రాంతంలో ఉత్తరానికి వెళ్లి స్కాట్లండ్ రాజు మొదటి డేవిడ్ కొలువులో చేరాడు. డేవిడ్ అతణ్ని స్టీవర్డ్‌గా నియమించాడు. డేవిడ్ మనవడు నాలుగో మాల్కమ్ ఆ పదవిని వంశపారంపర్యం చేశాడు.

వాల్టర్‌కు దక్కిన భూముల్లో ముఖ్యమైనవి గ్లాస్గోకు పడమట రెన్‌ఫ్రూ, పెయిస్లీ. 1163 ప్రాంతంలో అతడు పెయిస్లీ మఠాన్ని స్థాపించాడు. దానికి సన్యాసులను తండ్రి స్థిరపడిన ష్రాప్‌షైర్‌లోని వెన్‌లాక్ మఠం నుంచి రప్పించాడు. కొత్త దేశంలో పాతుకుపోతున్న మనిషికి సొంత ఊరి వైపు మనుషులు కావలసి వచ్చారని ఈ ఒక్క పనే చెబుతుంది. మరుసటి ఏడాదే పడమటి దీవుల ప్రభువు సోమర్లెడ్ ఓడలతో దండెత్తి వచ్చి రెన్‌ఫ్రూ దగ్గర చనిపోయాడు. రాజు ఆ భూములను వాల్టర్‌కు ఇవ్వడం వెనక సముద్రపు వైపు కాపలా ఉండాలన్న ఆలోచన కూడా ఉంది.

వాల్టర్‌కూ అతని కొడుకు ఆలన్‌కూ స్టీవర్డ్ అన్నది ఇంకా హోదా మాత్రమే. మనవడు రెండో వాల్టర్ కాలానికి, 13వ శతాబ్దం మొదటి భాగంలో, అది కుటుంబం పేరుగా స్థిరపడింది. ఇంగ్లండ్‌లో ఉండిపోయిన విలియమ్ సంతతి మాత్రం ‘ఆలన్ కొడుకు’ అని అర్థం వచ్చే ఫిట్జ్‌ఆలన్ పేరుతోనే సాగి, తర్వాత ఆరండెల్ ఎర్ల్‌లయింది. ఒకే తాత మనవలకు ఒకచోట తండ్రి పేరు, మరోచోట ఉద్యోగం ఇంటిపేర్లయ్యాయి.

కొలువు పేర్లన్నీ ఇంత అదృష్టానికి నోచుకోలేదు. రాజు ద్వారపాలక పదవి నుంచి డర్వర్డ్ అన్న పేరు వచ్చింది. ఆలన్ డర్వర్డ్ 13వ శతాబ్దంలో రాజుకు అల్లుడయ్యేంత పెద్దవాడు. 1275లో అతడు పోయాక కొడుకులు లేక ఆస్తి ముగ్గురు కూతుళ్లకు పంపకమైంది.

స్టీవర్ట్‌లకు సింహాసనం పెళ్లితో వచ్చింది. 1315లో ఆరో స్టీవర్డ్ వాల్టర్, రాజు రాబర్ట్ బ్రూస్ కూతురు మార్జరీని పెళ్లాడాడు. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. బ్రూస్ కొడుకు రెండో డేవిడ్ సంతానం లేకుండా పోవడంతో, 1371లో ఆ మనవడు యాభై అయిదేళ్ల వయసులో రెండో రాబర్ట్‌గా రాజయ్యాడు. ఆ వంశం 1603లో ఇంగ్లండ్ సింహాసనాన్ని కూడా పొంది, 1714లో ఆన్ రాణి మరణం దాకా కొనసాగింది. స్కాట్ ఉచ్చారణలో చివరి ‘డ’ శబ్దం ‘ట’గా మారి స్టీవర్ట్ అయింది. ‘స్టువర్ట్’ రూపం ఫ్రెంచి రాతల నుంచి వచ్చింది. ఫ్రాన్స్ రాజు సైన్యంలో చేరి ఒబిన్యీ జాగీరు పొందిన శాఖ, అయిదేళ్ల వయసులో 1548లో ఫ్రాన్స్ చేరి అక్కడే పెరిగిన మేరీ రాణి దీన్ని వ్యాప్తిలోకి తెచ్చారు.

రాజవంశం అయ్యాక పూర్వీకులకు కూడా కొత్త చరిత్ర అల్లారు. బ్యాంకో అనే స్కాట్ వీరుడి సంతతి వీళ్లని 1527లో హెక్టర్ బోయిస్ తన లాటిన్ చరిత్రలో రాశాడు. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ ద్వారా అది లోకమంతా పాకింది. అది కల్పనేనని, అసలు మూలం బ్రిటనీ అని 1901లో చరిత్రకారుడు హొరేస్ రౌండ్ పత్రాల సాక్ష్యంతో నిరూపించాడు.

అయితే స్టీవర్ట్‌లందరూ ఈ వంశం వాళ్లు కారు. రాజుకే కాదు, ప్రతి ఎర్ల్‌కూ, బిషప్పుకూ, పెద్ద మఠానికీ ఒక స్టీవర్డ్ ఉండేవాడు. ఆ పనివాళ్ల పిల్లలకూ అదే పేరు నిలిచింది. దొరల పేరు పెట్టుకున్న కౌలు రైతులూ, ఊరూరా తిరుగుతూ తగరపు పని చేసిన సంచార కుటుంబాలూ ఈ పేరుతో ఉన్నారు. అందుకే పేరు ఒక్కటే వంశానికి రుజువు కాదు. ఈ పేరుగలవాళ్లు తమ మూలం వెతుక్కోవాలంటే రాజుల వంశవృక్షం పక్కన పెట్టి, 1855 నుంచి ప్రభుత్వం రాయించిన జనన మరణ రిజిస్టర్లతో మొదలుపెట్టి, అంతకు ముందరి చర్చి పుస్తకాల్లోకి వెళ్లాలి.