మళ్లీ ఆ బల్ల దగ్గరికే: ఒక నుడికారం పుట్టిన చోటు

చేసిన డిజైన్ బెడిసికొట్టినప్పుడు ఆఫీసుల్లో వినిపించే ఇంగ్లిష్ మాట ఒకటుంది: ‘బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్’. మళ్లీ మొదటి నుంచి గీసుకొద్దాం పదండి అని అర్థం. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో తెలుగులో మాట్లాడుకుంటూనే మధ్యలో దీన్ని వాడేస్తుంటారు. ఇంతకీ ఇది ఎవరి మాట? ఏ ఇంజినీర్ల మధ్యనో పుట్టి ఉంటుందని అనుకుంటాం. సామెతకు కర్త ఎక్కడుంటాడని వదిలేస్తాం.

మొదటి ఆధారం, తేదీ. డ్రాయింగ్ బోర్డు పాత వస్తువే. అంతమాత్రాన నుడికారం కూడా పాతదని చెప్పలేం. అచ్చులో ఈ మాట జాడ పట్టుకుని వెనక్కి నడిస్తే అడుగులు ఒక పేజీ దగ్గర ఆగుతాయి: 1941 మార్చి 1 నాటి ‘న్యూయార్కర్’ వారపత్రిక. అక్కడున్నది వ్యాసం కాదు, కార్టూన్. కింద పీటర్ ఆర్నో సంతకం.

రెండో ఆధారం, బొమ్మ. విమానం కూలి నుజ్జయింది. జనం దానివైపు పరుగెడుతున్నారు. ఒక్క మనిషి మాత్రం చుట్టిన ప్లాను చంకన పెట్టుకుని ఎదురు దిశలో నడిచి వస్తున్నాడు. ఆ విమానాన్ని గీసింది ఆయనే. ‘సరే, మళ్లీ ఆ పాత డ్రాయింగ్ బోర్డు దగ్గరికే’ అన్నది ఆయన మాట. ఆకాశంలో ఒక పారాచూట్ దిగుతోంది. ఈ బొమ్మకు ప్రాణం ఆ పారాచూటే. పైలట్ బతికాడని తెలిశాకే మనకు నవ్వు వస్తుంది. అది లేకపోతే ఆ డిజైనర్ రాతిగుండె మనిషిగా మిగిలేవాడు. పరుగెత్తే గుంపుకు ఎదురుగా తీరిగ్గా నడిచే ఒక్కడిని పెట్టడంలో ఉంది చిత్రకారుడి చెయ్యి.

మూడో ఆధారం, అరిగిపోయిన పదం. బొమ్మ కింది వాక్యంలో ‘పాత’ అనే మాట ఉంది. ఈనాటి వాడుకలో లేదు. ఎప్పుడు రాలిపోయింది? 1947 డిసెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలావాలా పట్టణ దినపత్రిక ఫుట్‌బాల్ గాయాల గురించి రాస్తూ, మనిషి మోకాలిని ప్రకృతి మళ్లీ డ్రాయింగ్ బోర్డు మీద పెట్టి గీయాలని చమత్కరించింది. అందులో విమానం లేదు, ఆర్నో పేరు లేదు, ‘పాత’ కూడా లేదు. ఏడేళ్లు తిరగకముందే మాట బొమ్మను వదిలి సొంతంగా తిరుగుతోందన్నమాట. అర్థమూ మారింది. బొమ్మలో అది తన తప్పు తనకు పట్టని మనిషి తాపీతనం. జనం నోట పడ్డాక ఓడినా మళ్లీ మొదలుపెడదామనే ధైర్యవచనమైంది.

నాలుగో ఆధారం, వాక్యం పొడవు. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్ ‘పంచ్’ పత్రిక కార్టూన్ల కింద ఇద్దరు ముగ్గురి సంభాషణ పేరాలకు పేరాలు ఉండేది. దాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? 1925లో హెరాల్డ్ రాస్ మొదలుపెట్టిన న్యూయార్కర్, ఒక బొమ్మకు ఒకే మనిషి పలికే ఒక్క వాక్యమనే పద్ధతిని స్థిరపరిచింది. ఆ ఏడాదే అందులో చేరిన ఆర్నో ఆ పద్ధతికి బలమైన గీత ఇచ్చాడు. నోట్లో పట్టేంత వాక్యం కాబట్టే అది ఊరూరూ తిరిగింది.

ఐదో ఆధారం, సంతకం. ఇక్కడ తొందరపడకూడదు. ఆ పత్రికలో బొమ్మ ఒకరిది, మాట ఇంకొకరిది కావడం మామూలే. హెలెన్ హోకిన్సన్ గీసిన బొద్దు దొరసానుల నోట మాటలు పెట్టింది జేమ్స్ రీడ్ పార్కర్. 1939లో కార్టూన్ల ఎడిటర్ అయిన జేమ్స్ గెరాటీ అంతకుముందు ఆర్నోకు జోకులు అమ్మినవాడే. కాబట్టి సంతకం గీతకు సాక్ష్యం. మాటకు సాక్ష్యం ఆ పేజీ.

ఈ ఐదూ ఒక చోటికే చేరతాయి. ఇంజినీర్ల సామెత అనుకున్నది ఒక వారపత్రిక నవ్వుబొమ్మ లోకానికి ఇచ్చిన మాట. ముడి విప్పింది మాత్రం పెద్ద సిద్ధాంతమేమీ కాదు, పేజీ మీదున్న తేదీ. మన తెలుగు వారపత్రికల కార్టూన్లు కత్తిరించి దాచుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఆ కట్ట ఉంటే ఒక్క పని చేయండి. ప్రతి ముక్క వెనకా పత్రిక పేరు, సంచిక తేదీ, గీసినవారి పేరు రాసి పెట్టండి. రేపు మన మాటల పుట్టుక వెతికేవాళ్లకు అదే దారి చూపుతుంది.