ఫిల్మ్, డిజిటల్ ఛాయాచిత్రాలు: చరిత్ర పరిశోధకుని ఎంపిక

1. ప్రవేశిక:
ఫిల్మ్ మేలా, డిజిటల్ మేలా అనే ప్రశ్నకు ఛాయాగ్రాహకులు సాధారణంగా స్పష్టత, రంగు, ఖర్చు అనే ప్రమాణాలతో సమాధానం చెబుతారు. చరిత్ర పరిశోధనకు ఇవి మాత్రమే చాలవు. నూరేళ్ల తరువాత ఆ చిత్రం ఆధారంగా నిలుస్తుందా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. ఆ దృష్టితో రెండు పద్ధతులనూ పరిశీలించి, స్కాన్ చేసిన నెగటివ్‌ను ఎందుకు పారవేయరాదో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. గాజు పలక నుంచి ఫిల్మ్ వరకు:
కాంతి సోకిన వెండి లవణాలు రసాయన ప్రక్రియలో లోహపు వెండిగా మారడమే నలుపు తెలుపు నెగటివ్‌కు మూలం. ఫిల్మ్‌కు ముందు ఈ పని గాజు పలకపై జరిగేది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. ఆయన మరణించిన ఎనిమిది దశాబ్దాల తరువాత, 1989లో, ఆయన గాజు నెగటివ్‌లు 2,850కి పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. వాటిలోని రూపాన్ని గుర్తించడానికి యంత్రం అక్కరలేదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చాలు.

అయితే గాజు పగులుతుంది. నైట్రేట్ ఫిల్మ్ సులభంగా మండుతుంది. ఎసిటేట్ ఫిల్మ్ కాలక్రమంలో వెనిగర్ వాసన వెలువరిస్తూ ముడుచుకుపోతుంది. కనుక ఫిల్మ్ శాశ్వతమనలేము. కానీ దాని క్షీణత చాలావరకు కంటికి, ముక్కుకు తెలుస్తుంది. జాగ్రత్తపడే వ్యవధి ఉంటుంది.

3. డిజిటల్ పద్ధతి:
1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ రూపొందించిన డిజిటల్ కెమెరా 10,000 పిక్సెళ్ల నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకుంది. ఫిల్మ్ వ్యాపారమే ప్రధానంగా సాగిన ఆ సంస్థ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. డిజిటల్ చిత్రానికి నష్టం లేకుండా ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. దూరప్రాంత పరిశోధకునికి క్షణాల్లో అందించవచ్చు. అయితే దాన్ని చదవడానికి పరికరం, సాఫ్ట్‌వేర్ రెండూ కావాలి. హార్డ్ డిస్క్ ముందస్తు సూచన లేకుండానే పాడైపోవచ్చు. నెగటివ్ కొంతకాలపు నిర్లక్ష్యాన్ని తట్టుకుంటుంది. డిజిటల్ ఫైలు నిరంతర సంరక్షణతోనే బతుకుతుంది.

4. స్కానింగ్ పరిమితి:
స్కాన్ చేసిన చిత్రం మూలం కాదు, మూలానికి ఒక పఠనం. ఆనాటి యంత్రం గ్రహించగలిగినంత మేరకే అందులో సమాచారం ఉంటుంది. శాసన్ కెమెరా నుంచి నేటి కెమెరాల వరకు జరిగిన మార్పును గమనిస్తే, నేటి స్కానరే చివరి మాట అనుకోలేము. నెగటివ్ మిగిలి ఉంటే రేపటి యంత్రంతో మళ్లీ చదవవచ్చు. పారవేస్తే నేటి పరిమితే శాశ్వతమవుతుంది.

5. ముగింపు:
క్షేత్ర పర్యటనలో శాసనాలను, తాళపత్రాలను చిత్రీకరించడానికి డిజిటల్ పద్ధతే అనుకూలం. అయితే మూల ఫైలును మార్చకుండా, స్థలం, తేదీ, విషయ వివరాలతో కనీసం మూడు ప్రతులను వేర్వేరు చోట్ల భద్రపరచి, వాటిని తరచుగా తనిఖీ చేయాలి. పాత నెగటివ్‌లను స్కాన్ చేసిన తరువాత కూడా చల్లని, పొడి ప్రదేశంలో ఉంచాలి. కొత్త చిత్రం ఏ పద్ధతిలో తీయాలన్నది పరిశోధకుని ఎంపిక. ఉన్న మూలాన్ని కాపాడటం మాత్రం అతని బాధ్యత.