అధికారానికి హద్దులు: ఎస్. జైపాల్ రెడ్డి మంత్రిత్వం – ఒక పరిశీలన

నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కల్వకుర్తి నుంచి కేంద్ర మంత్రివర్గం దాకా సాగిన సూదిని జైపాల్ రెడ్డి (1942–2019) ప్రస్థానాన్ని చర్చించేటప్పుడు తరచుగా ముందుకు వచ్చే అంశం పార్టీ మార్పులు. ఆయన కాంగ్రెస్ నుంచి జనతా పార్టీకి, అక్కడి నుంచి జనతాదళ్‌కు వెళ్లి, 1999లో తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. అయితే మంత్రిగా ఆయన తీసుకున్న నిర్ణయాలను పరిశీలిస్తే, పార్టీలకు అతీతంగా కొనసాగిన ఒక ధోరణి కనిపిస్తుంది. అధికారం ప్రభుత్వానిదైనా, పెట్టుబడిదైనా దానికి హద్దులుండాలన్నదే ఆ ధోరణి. ఐరోపా ప్రజాస్వామ్య సామ్యవాద సంప్రదాయంలోనూ ఇదే ప్రధాన సూత్రం.

1969 నుంచి 1984 వరకు ఆయన కల్వకుర్తి శాసనసభ్యులు. అత్యవసర పరిస్థితిని వ్యతిరేకించి, అధికార పక్షాన్ని వీడారు. 1980లో మెదక్ లోక్‌సభ స్థానంలో ఇందిరాగాంధీపై పోటీ చేసి ఓడిపోయారు. 1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

గుజ్రాల్ ప్రభుత్వంలో ఆయన సమాచార, ప్రసార శాఖ మంత్రిగా పనిచేశారు. 1990లోనే పార్లమెంటు ఆమోదించినా అమలుకు నోచుకోని ప్రసార భారతి చట్టం ఆయన హయాంలో, 1997లో అమల్లోకి వచ్చింది. ఆకాశవాణి, దూరదర్శన్ స్వయంప్రతిపత్తి గల సంస్థ కిందికి మారాయి. అంటే మంత్రి తన శాఖ అధికారాన్నే తగ్గించుకున్నారు. అయితే నిధులకు, సిబ్బందికి ఆ సంస్థ ప్రభుత్వంపైనే ఆధారపడింది. కనుక ఈ సంస్కరణ ఫలితం పరిమితమేనని చెప్పాలి.

2011–12లో పెట్రోలియం మంత్రిగా ఆయనకు ఎదురైంది పెట్టుబడి బలం. కృష్ణా–గోదావరి బేసిన్ సహజవాయువు ధరను 2014 వరకు ఉన్న గడువుకు ముందే సవరించేందుకు ఆయన అంగీకరించలేదు. 2012 అక్టోబరులో ఆయన శాఖ మారింది. ఆ మార్పునకు కారణాలపై నాడు విస్తృత చర్చ జరిగింది. మార్పు జరిగిన తీరు ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది: మంత్రివర్గ వ్యవస్థలో వ్యక్తిగత నిబద్ధతకు సంస్థాగత రక్షణ లేదు.

2018లో వెలువడిన ‘టెన్ ఐడియాలజీస్’ గ్రంథంలో ఆయన ఆధునిక భావజాలాలను వ్యవసాయిక, పారిశ్రామిక వ్యవస్థల అసమతౌల్యం దృష్టితో విశ్లేషించారు. వ్యవసాయిక నేపథ్యం గల పాలమూరు నేల నుంచి వచ్చిన రాజకీయవేత్త ఈ ప్రశ్నను చేపట్టడం గమనార్హం.

ఈ రెండు ఘట్టాలూ ఒకే పాఠాన్ని చెబుతున్నాయి. మంత్రి నిర్ణయం అధికారానికి హద్దు గీయగలదు. కానీ ఆ హద్దు నిలవాలంటే నిధులు, నియామకాలు, పదవీ భద్రత సంస్థ చేతిలో ఉండాలి. జైపాల్ రెడ్డి మంత్రిత్వాన్ని అంచనా వేయడానికి పార్టీ మార్పుల కంటే ఈ కొలబద్దే సముచితం.