గుచ్చగానే గుర్తుపట్టాలంటే...

పెన్‌డ్రైవ్ గుచ్చగానే తెర మీద చిన్న బొమ్మ ప్రత్యక్షమవుతుంది. అది రాకపోతే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే: "డిస్కు పోయినట్టుంది!" పెళ్ళి ఫోటోలు, నాన్నమ్మ గొంతు రికార్డు చేసిన ఫైళ్ళు అన్నీ ఒకే డిస్కులో వేసుకుని సముద్రాలు దాటి వచ్చిన వాళ్ళం కదా, ఆ మాటతో పాటే గుండె కూడా జారుతుంది. కానీ లైనక్స్ చరిత్ర చూస్తే "గుర్తుపట్టడం" అన్నది ఎప్పుడూ ఒక్క పని కాదు, నాలుగు పనులు. ఒక్కో కాలంలో ఒక్కోటి ఇబ్బంది పెట్టింది.

ఇంటికొచ్చిన చుట్టాన్ని తలచుకోండి. తలుపు చప్పుడు మనకి వినబడాలి. వచ్చిందెవరో పేరు తెలియాలి. ఆయన మాట్లాడే భాష అర్థం కావాలి. చివరికి లోపలికి పిలిచి కూర్చోబెట్టాలి. కంప్యూటర్లో వీటినే డ్రైవర్, డివైస్ పేరు, ఫైల్ సిస్టమ్, మౌంట్ అంటారు.

తలుపు చప్పుడు వినబడకపోవడం 1990ల నాటి బాధ. 1995లో ఐయొమెగా వారి జిప్ డ్రైవ్ అమ్మకానికి వచ్చింది. ఫ్లాపీలో 1.44 మెగాబైట్లు పట్టే రోజుల్లో ఇందులో 100 పట్టేవి! చాలామంది కొన్న రకం ప్రింటర్ తగిలించే పోర్టుకే తగిలేది. లైనక్స్ 2.0 లో ప్రింటర్ మాడ్యూల్ తీసేస్తే గానీ జిప్ మాడ్యూల్ ఎక్కేది కాదు. 1999 జనవరిలో 2.2 వచ్చాక ఇద్దరూ ఆ పోర్టుని సర్దుకుని వాడుకోగలిగారు. అదయ్యాక కూడా ఇల్లు అలకగానే పండగ కాలేదు. ఫార్మాట్ అయి వచ్చే జిప్ డిస్కుల్లో పార్టిషన్ నాలుగో నంబరులో ఉండేది. ఒకటో నంబరుని మౌంట్ చేయబోయిన వాడికి తిట్లే మిగిలేవి.

2001 జనవరిలో వచ్చిన 2.4 తో యూఎస్‌బీ బాగా కుదురుకుంది. అప్పుడు పేర్ల గొడవ మొదలైంది. యూఎస్‌బీ డిస్కులన్నీ స్కజీ డిస్కుల వేషం వేసుకుని వచ్చేవి. ముందు వచ్చినది ఎస్‌డీఏ, తర్వాతది ఎస్‌డీబీ. నిన్న ఏ అయినది ఇవాళ బీ కావచ్చు. దీనికి మందుగా 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్ తెచ్చాడు. వచ్చిన వరస బట్టి కాక, డిస్కు లక్షణాలని బట్టి మారని పేరు పెట్టే వీలు దానితో కలిగింది.

కూర్చోబెట్టే పని అప్పటిదాకా మనదే. రూట్‌గా మారి మౌంట్ కమాండ్ కొట్టాలి, లేదా ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ముందే రాసుకోవాలి. రాబర్ట్ లవ్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ యుటోపియా పుణ్యమా అని, 2004లో గ్నోమ్ 2.8 నుంచి గుచ్చిన డిస్కు దానంతటదే తెరుచుకోవడం మొదలైంది. దాని వెనక పనిచేసిన హ్యాల్ తర్వాత తప్పుకుని, యూడిస్క్స్ ఆ చోటుకి వచ్చింది.

ఇక మిగిలింది భాష. పెద్ద డిస్కులు చాలావరకు విండోస్ వారి ఎన్‌టీఎఫ్ఎస్ లో ఉండేవి. లైనక్స్ వాటిని చదివేది గానీ నమ్మకంగా రాయలేకపోయేది. 2007లో ఎన్‌టీఎఫ్ఎస్-3జీ స్థిరపడ్డాక ఆ లోటు తీరింది. ఎక్స్‌ఫ్యాట్ కథ ఇంకా సాగింది. అడ్డం సాంకేతికం మాత్రమే కాదు, పేటెంట్లు కూడా. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టింది. 2020లో వచ్చిన 5.7 లో శాంసంగ్ వారి డ్రైవర్ చేరింది.

ఈ చరిత్రంతా ఎందుకంటే, ఇవాళ డిస్కు కనపడకపోయినా వెతకాల్సినవి ఆ నాలుగు మెట్లే. గుచ్చిన వెంటనే డీఎంఈఎస్‌జీ కమాండ్ కొట్టి చూడండి. కొత్త వరస ఒక్కటీ రాలేదంటే చప్పుడే వినబడలేదన్నమాట. కేబుల్, పోర్టు, కరెంటు చూసుకోవాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులే, కొన్ని డిస్కులకి అది చాలదు. చప్పుడు వినబడితే ఎల్ఎస్‌బీఎల్‌కే లో పేరు, సైజు సరిగ్గా ఉన్నాయేమో చూడండి. అవీ ఉంటే ఆ డిస్కు ఏ భాషదో బీఎల్‌కేఐడీ చెబుతుంది. అదీ తెలిసి తెరుచుకోనిది మౌంట్ దగ్గర ఆగిందన్నమాట. విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాకుండా నిద్రపోయినా ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కు మీద రాయనివ్వదు. విండోస్ లోకి వెళ్ళి సరిగ్గా ఆపి రావడమే దానికి మందు.

డిస్కు లోపలి నుంచి టకటక చప్పుడు వస్తే మాత్రం ప్రయోగాలు ఆపేసి, తెలిసినవాళ్ళకి ఇవ్వడం మేలు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కుని విండోస్‌కి తగిలిస్తే, భాష తెలియక "ఫార్మాట్ చేయమంటారా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. వద్దని చెప్పండి. చుట్టం భాష మనకి రానంత మాత్రాన ఆయన సామాను వీధిలో పారబోయం కదా!