సీసాలో పుట్టిన దోమ

ఊళ్లో దోమలు పెరిగితే చలిజ్వరాలూ పెరుగుతాయని చాలామంది నమ్మకం. ఆ లెక్క సగమే నిజం. ఏ జాతి దోమ ఏ పరాన్నజీవిని తన ఒంట్లో చివరిదాకా ఎదగనిస్తుందో తెలియకుండా ముప్పెంతో తేలదు. ఆ సంగతి బయటపెట్టింది పెంపుడు దోమే. తొలి సాక్ష్యం మన సికింద్రాబాదుది. 1895 నుంచి రెండేళ్లు సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియాను మోయని జాతుల దోమలను కోసి చూస్తూ గడిపాడు. 1897 ఆగస్టులో బేగంపేటలో, లార్వా దశ నుంచి పెంచిన మచ్చల రెక్కల దోమల చేత హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు. కాటుకు ఒక అణా. 20వ తేదీన ఒక దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న పరాన్నజీవి కణాలు కనబడ్డాయి. అందరూ మైక్రోస్కోపును పొగుడుతారు గానీ, నా దృష్టిలో అసలు బలం ఆ పెంపకానిదే. అంతకుముందు ఎవరి రక్తమూ తాగని దోమ కాబట్టే, ఆ కణాలు హుసేన్ ఖాన్ రక్తం నుంచి వచ్చాయనే వాదన నిలబడింది.

తర్వాత ఈ విద్య ఇంగ్లండులో ముదిరింది. 1900లో రోమ్ నుంచి తెప్పించిన, మలేరియా సోకిన దోమలు కుట్టి, రాస్ గురువు ప్యాట్రిక్ మాన్సన్ కొడుకు జ్వరాన పడ్డాడు. 1920ల్లో ఎప్సమ్ దగ్గరి హోర్టన్ ఆసుపత్రిలో, సిఫిలిస్ మెదడుకెక్కిన రోగులకు మలేరియా జ్వరంతో వైద్యం చేసేవారు. అందుకు దోమలు కావాలి. అక్కడ పి.జి. షూట్ పెంచిన అట్రోపార్వస్ జాతి చిన్న పంజరంలోనూ జతకడుతుంది. అంతకుముందే మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల వల్ల, ఇదే జాతి దోమ ద్వారా కెంట్ తీరంలో స్థానికులకూ వైవాక్స్ మలేరియా సోకింది. మరి ఉష్ణదేశాల ఫాల్సిపారం మలేరియా వస్తే? ఐరోపా ఫాల్సిపారాన్ని పెంచిన ఆ ఇంగ్లిష్ దోమల్లో భారత, ఆఫ్రికా రకాలు ఎదగలేదు. దోమల సంఖ్యను ఎంత లెక్కపెట్టినా ఈ తేడా దొరికేది కాదు.

పంజరపు దోమ, మురుగు గుంట దోమ ఒకటేనా అన్న ఆక్షేపణ బలమైనదే. తరాల తరబడి పంజరంలో బతికిన దోమ మారుతుంది. గాలిలో గుంపు కడితే తప్ప జతకట్టని జాతులకు 1960ల నుంచి శాస్త్రవేత్తలే మత్తిచ్చి చేత్తో జతకలుపుతున్నారు. ఆ పెళ్లి సహజమని ఎవరూ అనరు. అయితే పంజరం చెప్పేది దోమకు సత్తా ఉందా లేదా అన్నదే. ఎంత తరచుగా, ఎవరిని కుడుతుందో ఊరే చెప్పాలి. ఆసియా నగరాల స్టీఫెన్సీ దోమ 2012లో జిబూటీలో, 2016లో ఇథియోపియాలో కనబడింది. ఇథియోపియాలో పరిశోధకులు పాత పంజరపు సంతతితో సరిపెట్టుకోలేదు. అక్కడి నీటి తొట్ల లార్వాలనే పెంచి, స్థానిక రోగుల రక్తాన్ని పొర గుండా తాగించారు. వైవాక్స్, ఫాల్సిపారం రెండూ అందులో ఎదిగాయి. 2022లో దిరె దావాలో స్టీఫెన్సీ వల్లే మలేరియా ప్రబలింది.